ఘనస్థితి లిథియం బ్యాటరీలలో పాలిమర్ విద్యుద్విశ్లేష్యాలు: వాహకత నుండి భద్రత వైపు

వ్యాస సంగ్రహం:

లిథియం-అయాన్ బ్యాటరీలలో మంటలు చెలరేగినప్పుడు వాటికి ఇంధనంగా మారేది ప్రధానంగా ద్రవ విద్యుద్విశ్లేష్యంలోని కర్బన ద్రావణి. ఆ ద్రవానికి బదులుగా లిథియం లవణాన్ని కరిగించుకున్న పాలిమర్ పొరను వాడాలన్న ఆలోచనకు దాదాపు ఐదు దశాబ్దాల చరిత్ర ఉంది. ఈ రంగంలో జరిగిన కృషిలో ఎక్కువ భాగం గది ఉష్ణోగ్రత వద్ద అయాన్ వాహకతను పెంచడం మీదనే కేంద్రీకృతమైంది. అయితే వాహకతను పెంచే మార్గాలలో కొన్ని, పాలిమర్‌ను ఏ భద్రత కోసం ఎంచుకున్నారో ఆ భద్రతనే తగ్గిస్తాయి. పాలిమర్ విద్యుద్విశ్లేష్యాల పనితీరును, వాటిని మెరుగుపరిచే పద్ధతులను, వాటి పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి జిల్లా కేంద్రాల కళాశాలలలో పరిమిత సౌకర్యాలతోనే ఈ అంశంపై విశ్వసనీయమైన పరిశోధన ఎలా సాధ్యమో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: పాలిమర్ విద్యుద్విశ్లేష్యం, పాలీ ఇథిలీన్ ఆక్సైడ్, అయాన్ వాహకత, రవాణా సంఖ్య, డెండ్రైట్, ఉష్ణ విశృంఖలత, ఘనస్థితి బ్యాటరీ.

1. ఉపోద్ఘాతం:

2022వ సంవత్సరం తెలుగు రాష్ట్రాలలో విద్యుత్ వాహనాల భద్రతపై తీవ్రమైన చర్చను లేవనెత్తింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ, విజయవాడలోనూ ఇళ్లలో ఉంచిన విద్యుత్ స్కూటర్ బ్యాటరీలు పేలి ఒక్కో చోట ఒకరు మరణించారు. సెప్టెంబర్ 12న సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల విక్రయశాల ఉన్న భవనంలో రేగిన మంటల పొగ పై అంతస్తులలోని వసతిగృహాన్ని కమ్మివేయగా ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ పరిణామాల నేపథ్యంలో కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ బ్యాటరీ భద్రతా ప్రమాణాల సమీక్షకు ఒక నిపుణుల సంఘాన్ని నియమించింది. హైదరాబాదులోని అంతర్జాతీయ పౌడర్ మెటలర్జీ, నూతన పదార్థాల ఉన్నత పరిశోధనా కేంద్రం సంచాలకులు టాటా నరసింగరావు దానికి అధ్యక్షత వహించారు. తదనంతరం ఏఐఎస్-156 ప్రమాణాలకు చేసిన సవరణలు 2022 డిసెంబర్ నుండి, 2023 మార్చి చివరి నుండి రెండు దశలుగా అమలులోకి వచ్చాయి. 2023 మే నెలలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం సెల్‌ల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. అంటే బ్యాటరీని వాడే ప్రాంతంగానే కాక, తయారుచేసే ప్రాంతంగా కూడా తెలంగాణ మారుతున్నది.

ప్రమాణాలు ప్రధానంగా బ్యాటరీ ప్యాక్ నిర్మాణాన్ని, నియంత్రణ వలయాలను, ఒక సెల్‌లో మంట పుడితే అది పక్క సెల్‌లకు పాకకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను నిర్దేశిస్తాయి. సెల్ లోపలి రసాయనం మాత్రం మారదు. ఆ రసాయనాన్నే మార్చగల మార్గాలలో పాలిమర్ విద్యుద్విశ్లేష్యం ఒకటి. అది తేలికైనది, వంగే గుణం గలది, తయారీకి అధిక ఉష్ణోగ్రతలు అక్కరలేనిది. ఖరీదైన యంత్రాలు లేని ప్రయోగశాలలో కూడా దాని పొరను తయారుచేయవచ్చు. అందువల్లనే విశ్వవిద్యాలయాలలోనూ, డిగ్రీ కళాశాలలలోనూ పనిచేసే భౌతిక, రసాయనశాస్త్ర పరిశోధకులను ఈ అంశం ఎక్కువగా ఆకర్షిస్తున్నది. తయారీ సులభమైనంత మాత్రాన నిర్ధారణ సులభం కాదు. ఒక పొర "భద్రమైనది" అని చెప్పడానికి ఏయే ఆధారాలు కావాలన్నదే ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2. ద్రవ విద్యుద్విశ్లేష్యంలో ప్రమాద మూలాలు:

ప్రస్తుత లిథియం-అయాన్ సెల్‌లలో సాధారణంగా లిథియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనే లవణాన్ని ఇథిలీన్ కార్బొనేట్, డైమిథైల్ కార్బొనేట్ వంటి ద్రావణుల మిశ్రమంలో కరిగించి వాడతారు. ఈ ద్రవం వాహకత గది ఉష్ణోగ్రత వద్ద సెంటీమీటరుకు సుమారు 10⁻² సీమెన్స్. వాహకత పరంగా ఇది ఎంతో మెరుగైనది. కాని డైమిథైల్ కార్బొనేట్ ఆవిరి, నిప్పు తగిలితే 18 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకోగలదు. తెలంగాణలో చలికాలపు పగటి ఉష్ణోగ్రత కూడా దీనికంటే ఎక్కువగానే ఉంటుంది.

ప్రమాదం ఒక గొలుసుగా సాగుతుంది. అంతర్గత హ్రస్వవలయం వల్లనో, అధిక ఛార్జింగ్ వల్లనో సెల్ వేడెక్కినప్పుడు, గ్రాఫైట్ ఉపరితలంపై రక్షణగా ఉన్న పలుచని పొర సుమారు 80-120 డిగ్రీల మధ్య విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. ఆ చర్య మరింత వేడిని విడుదల చేస్తుంది. దాదాపు 130 డిగ్రీల వద్ద పాలీఇథిలీన్ వేర్పాటు పొర కరుగుతుంది; అది కుంచించుకుపోతే రెండు ఎలక్ట్రోడ్‌లు నేరుగా తాకుతాయి. ఉష్ణోగ్రత ఇంకా పెరిగితే నికెల్, కోబాల్ట్ ఆధారిత కాథోడ్ ఆక్సైడ్‌లు ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి. మంటకు కావలసిన వేడి, ఇంధనం, ఆక్సిజన్ మూడూ అప్పటికి ఒకే మూసిన డబ్బాలో సమకూరుతాయి. ఈ దశనే ఉష్ణ విశృంఖలత అంటారు. ఫాస్ఫేట్ కాథోడ్‌లు ఆక్సిజన్‌ను అంత తేలికగా వదలవు కనుక వాటితో ప్రమాద తీవ్రత తక్కువ.

ఈ గొలుసును పరిశీలిస్తే, విద్యుద్విశ్లేష్యాన్ని మార్చడం వల్ల తెగేది కొన్ని కొలికిలు మాత్రమేనని స్పష్టమవుతుంది. ఆవిరయ్యే ఇంధనం తొలగిపోతుంది, కారిపోయే ద్రవం ఉండదు. కాని కాథోడ్‌లోని ఆక్సిజన్, ఎలక్ట్రోడ్‌లలో నిల్వ ఉన్న శక్తి, హ్రస్వవలయానికి గల అవకాశం అలాగే మిగిలి ఉంటాయి.

3. పాలిమర్‌లో అయాన్ చలనం:

3.1. తొలి ఆవిష్కరణలు:

1973లో ఇంగ్లండులో ఫెంటన్, పార్కర్, రైట్ అనే పరిశోధకులు పాలీ ఇథిలీన్ ఆక్సైడ్ క్షారలోహ లవణాలతో సంక్లిష్టాలను ఏర్పరుస్తుందని వెల్లడించారు. ఆ సంక్లిష్టాలు విద్యుత్తును ప్రసరింపజేస్తాయని రైట్ 1975లో చూపారు. వాటిని బ్యాటరీలలో ఘన విద్యుద్విశ్లేష్యాలుగా వాడవచ్చని 1978లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త మిషెల్ అర్మాండ్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. 1983లో బెర్తియే బృందం అయస్కాంత అనునాద ప్రయోగాల ద్వారా మరొక కీలక విషయాన్ని నిర్ధారించింది: అయాన్ వాహకతకు ప్రధాన కారణం పాలిమర్‌లోని స్ఫటిక భాగం కాదు, క్రమరహితమైన అస్ఫటిక భాగం. ఆ తరువాతి పరిశోధన దిశను ఈ నిర్ధారణే నిర్ణయించింది.

3.2. చలన విధానం:

పాలీ ఇథిలీన్ ఆక్సైడ్ గొలుసులో రెండు కార్బన్ పరమాణువులకు ఒక ఆక్సిజన్ చొప్పున ఉంటుంది. ఈ ఈథర్ ఆక్సిజన్‌లు తమ ఒంటరి ఎలక్ట్రాన్ జంటలతో లిథియం అయాన్‌ను చుట్టుముట్టి పట్టుకుంటాయి. ఫలితంగా లవణం విడిపోయి పాలిమర్‌లో కరుగుతుంది. అస్ఫటిక భాగంలో గొలుసు ముక్కలు నిరంతరం కదులుతూ ఉంటాయి. ఆ కదలికలో ఒక ఆక్సిజన్ పట్టు సడలి మరొక ఆక్సిజన్ పట్టు దొరికినప్పుడు లిథియం అయాన్ ఒక అడుగు ముందుకు వేస్తుంది. రద్దీలో ఒక చేయి వదలి మరొక చేయి అందుకుంటూ సాగే నడక వంటిది ఇది. చేతులు కదలకపోతే నడక లేదు.

అందువల్ల వాహకత గొలుసుల కదలికపై ఆధారపడుతుంది. పాలీ ఇథిలీన్ ఆక్సైడ్ గాజు పరివర్తన ఉష్ణోగ్రత సుమారు మైనస్ 60 డిగ్రీలు కనుక దాని అస్ఫటిక గొలుసులు గది ఉష్ణోగ్రత వద్ద చురుకుగానే ఉంటాయి. కాని ఆ పాలిమర్‌లో పెద్ద భాగం స్ఫటికీకరణ చెంది ఉంటుంది. స్ఫటికాలు కరగాలంటే సుమారు 65 డిగ్రీలు కావాలి. ఈ కారణంగా గది ఉష్ణోగ్రత వద్ద 10⁻⁸ నుండి 10⁻⁶ మధ్య ఉండే వాహకత, 65 డిగ్రీలు దాటగానే 10⁻⁴ నుండి 10⁻³ సీమెన్స్ స్థాయికి చేరుతుంది.

మరొక చిక్కు కూడా ఉంది. లవణాన్ని ఎక్కువగా కలిపితే అయాన్‌ల సంఖ్య పెరుగుతుంది. అదే సమయంలో ప్రతి లిథియం అయాన్ అనేక ఆక్సిజన్‌లను బంధించి గొలుసులను బిగిస్తుంది. ఒకవైపు వాహకులు పెరుగుతుంటే మరొకవైపు వాటి వేగం తగ్గుతుంది. అందుకే ఒక లిథియం అయాన్‌కు సుమారు 16-20 ఆక్సిజన్‌లు ఉండే నిష్పత్తిని ఎక్కువ మంది పరిశోధకులు ఎంచుకుంటారు.

4. వాహకత అనే సంఖ్యకు గల అర్థం:

పరిశోధనా పత్రాలలో వాహకత విలువను ప్రకటించి అంతటితో ఆగిపోవడం పరిపాటి. బ్యాటరీకి మాత్రం కావలసింది ఆ పొర కలిగించే నిరోధం. ఒక చదరపు సెంటీమీటరు పొర నిరోధం దాని మందాన్ని వాహకతతో భాగిస్తే వస్తుంది. కనుక మందం పేర్కొనని వాహకత విలువ బ్యాటరీ పనితీరు గురించి ఏమీ చెప్పదు.

ఉదాహరణకు 25 మైక్రాన్ల మందం, 10⁻⁴ సీమెన్స్ వాహకత గల పొరకు చదరపు సెంటీమీటరు వైశాల్యంలో నిరోధం 25 ఓమ్‌లు. దాని గుండా 1 మిల్లీ ఆంపియర్ ప్రవహిస్తే కోల్పోయే వోల్టేజి 25 మిల్లీ వోల్ట్‌లు మాత్రమే. ఇది ఆమోదయోగ్యం. అదే మందంలో వాహకత 10⁻⁶ అయితే నిరోధం 2,500 ఓమ్‌లు, వోల్టేజి నష్టం 2.5 వోల్ట్‌లు. సుమారు 3.4 వోల్ట్‌లు ఇచ్చే ఫాస్ఫేట్ సెల్‌లో అంత నష్టం అంటే ఆ సెల్ పనికిరానట్టే. పెట్రీ పళ్లెంలో ద్రావణం పోసి ఆరబెట్టిన పొరలు తరచుగా 100-150 మైక్రాన్ల మందంతో వస్తాయి. 150 మైక్రాన్ల పొరకు వాహకత 10⁻⁵ ఉన్నా నష్టం 1.5 వోల్ట్‌లు అవుతుంది.

ఈ లెక్క రెండు విషయాలను సూచిస్తుంది. మొదటిది, వాహకతను పది రెట్లు పెంచడం ఎంత ప్రయోజనకరమో, మందాన్ని పది రెట్లు తగ్గించడం కూడా అంతే ప్రయోజనకరం. రెండవది, పలుచని పొర చిరగకుండా, రంధ్రాలు పడకుండా ఉండాలంటే యాంత్రిక బలం కావాలి. కాబట్టి బలాన్ని పక్కనపెట్టి వాహకతను మాత్రమే వెతకడం సరైన మార్గం కాదు.

5. మెరుగుపరిచే మార్గాలు:

5.1. ప్లాస్టిసైజర్లు, జెల్ విద్యుద్విశ్లేష్యాలు:

పాలిమర్‌లో ఇథిలీన్ కార్బొనేట్ వంటి చిన్న అణువుల ద్రావణిని కలిపితే స్ఫటికత తగ్గి గొలుసులు వదులవుతాయి. ద్రావణి పరిమాణం పెంచుకుంటూ పోతే జెల్ ఏర్పడుతుంది. పాలీ వినైలిడీన్ ఫ్లోరైడ్ సహపాలిమర్ ఆధారిత జెల్ బ్యాటరీలను 1990ల మధ్యలో అమెరికాలోని బెల్‌కోర్ సంస్థ అభివృద్ధి చేసింది. వీటి వాహకత 10⁻³ స్థాయికి చేరుతుంది. కాని అక్కడ అయాన్ కదిలేది ప్రధానంగా పాలిమర్ పట్టి ఉంచిన ద్రవంలోనే. ఆ ద్రవానికి అంటుకునే గుణం పోదు. మార్కెట్‌లో "లిథియం పాలిమర్" పేరుతో లభించే ఫోన్ బ్యాటరీలు అధికంగా ఈ జెల్ కోవకో, సంచి ఆకారపు ద్రవ సెల్‌ల కోవకో చెందినవి. వాటిని ఘనస్థితి బ్యాటరీలుగా భావించడం పొరపాటు. వాహకత పెరిగిన కొద్దీ భద్రత తరగడానికి జెల్ ఒక స్పష్టమైన ఉదాహరణ.

5.2. నానో పూరకాలు:

1998లో ఇటలీలో క్రోచే, స్క్రొసాటి బృందం అతి సూక్ష్మమైన టైటానియం డయాక్సైడ్, అల్యూమినా కణాలను పాలీ ఇథిలీన్ ఆక్సైడ్‌లో కలిపి 50 డిగ్రీల వద్ద 10⁻⁴, 30 డిగ్రీల వద్ద 10⁻⁵ సీమెన్స్ వాహకతను సాధించింది. ఈ కణాలు స్వయంగా అయాన్‌లను ప్రసరింపజేయవు. అవి గొలుసులు క్రమబద్ధంగా పేరుకోకుండా అడ్డుపడి స్ఫటికతను తగ్గిస్తాయి. వాటి ఉపరితలంపై ఉన్న ఆమ్ల స్థానాలు రుణ అయాన్‌లను ఆకర్షించి లిథియంకు స్వేచ్ఛనిస్తాయి. ఈ పద్ధతిలో అంటుకునే ద్రవం చేరదు, పొర బలం కూడా పెరుగుతుంది.

2007లో మురుగన్, తంగదురై, వెప్నర్ ప్రకటించిన లిథియం లాంథనం జిర్కోనియం ఆక్సైడ్ గార్నెట్ తానే లిథియం అయాన్‌లను మోయగలదు. దానిని పాలిమర్‌లో కలిపితే అయాన్‌లకు పాలిమర్, సరిహద్దు ప్రాంతం, సిరామిక్ అనే మూడు దారులు లభిస్తాయి. అయితే కణాలు ఒక పరిమితి దాటితే ముద్దలు కట్టి దారిని మూసివేస్తాయి. అంతేగాక గార్నెట్ కణాలు తేమగాలిలో ఉపరితలంపై లిథియం కార్బొనేట్ పొరను ఏర్పరచుకుంటాయి. ఈ పొర అయాన్‌లకు అడ్డుగోడ అవుతుంది.

5.3. గొలుసు నిర్మాణంలో మార్పులు:

గట్టిగా ఉండే పాలీస్టైరీన్ ఖండాన్ని, అయాన్‌ను మోసే పాలీ ఇథిలీన్ ఆక్సైడ్ ఖండాన్ని ఒకే గొలుసులో కలిపితే అవి నానో స్థాయిలో వేరువేరు పొరలుగా సర్దుకుంటాయి. ఒకటి బలాన్ని, మరొకటి వాహకతను అందిస్తుంది. ఫ్రాన్స్‌లో బూషే బృందం 2013లో ఇంకొక అడుగు వేసి, రుణ అయాన్‌ను గొలుసుకే కట్టివేసి లిథియం మాత్రమే కదిలే ఖండ సహపాలిమర్‌ను రూపొందించింది. గొలుసులను అడ్డంగా ముడివేయడం కూడా స్ఫటికతను తగ్గిస్తూ, కరిగినప్పుడు పొర జారిపోకుండా నిలుపుతుంది.

5.4. ఆధార చట్రంతో పలుచని పొరలు:

2019లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 8.6 మైక్రాన్ల మందం గల పాలీఇమైడ్ పొరలో నిలువు నానో రంధ్రాలు ఏర్పరచి, వాటిని పాలీ ఇథిలీన్ ఆక్సైడ్, లిథియం లవణాలతో నింపారు. పాలీఇమైడ్ తేలికగా మండదు, అధిక వేడిని తట్టుకుంటుంది. రంధ్రాల దిశ అయాన్‌కు దగ్గరి దారిని ఇస్తుంది. మందం, బలం, జ్వలన నిరోధం అనే మూడింటినీ కలిపి ఆలోచించిన నమూనాగా ఇది గుర్తించదగినది.

6. వాహకత చెప్పని మూడు విషయాలు:

6.1. లిథియం వాటా:

ఇంపిడెన్స్ పద్ధతిలో కొలిచే వాహకత ధన, రుణ అయాన్‌ల రెండింటి మొత్తం. బ్యాటరీకి ఉపయోగపడేది లిథియం చలనం మాత్రమే. పాలీ ఇథిలీన్ ఆక్సైడ్‌లో ఆక్సిజన్‌లు లిథియంను గట్టిగా పట్టుకోవడం వల్ల రుణ అయాన్‌లే వేగంగా కదులుతాయి. సాధారణంగా లిథియం రవాణా సంఖ్య 0.2 పరిసరాలలో ఉంటుంది. అంటే విద్యుత్తులో సుమారు ఐదో వంతు మాత్రమే లిథియం మోస్తుంది.

ఇక్కడ ఒక సాధారణ గందరగోళాన్ని ప్రస్తావించాలి. వాగ్నర్ ధ్రువణ పద్ధతిలో అయాన్‌లను అడ్డుకునే లోహ ఎలక్ట్రోడ్‌ల మధ్య పొరను ఉంచి, కాలంతోపాటు తగ్గే ప్రవాహాన్ని కొలుస్తారు. దీనివల్ల వచ్చే 0.97, 0.99 వంటి విలువలు అయాన్‌లన్నింటి మొత్తం వాటాను, ఎలక్ట్రాన్‌ల వాటా నుండి వేరుచేసి చూపుతాయి. అవి లిథియం రవాణా సంఖ్యలు కావు. లిథియం వాటా తెలియాలంటే రెండువైపులా లిథియం లోహం ఉంచి, సుమారు 10 మిల్లీ వోల్ట్‌ల స్వల్ప వోల్టేజి ఇచ్చి, తొలి ప్రవాహాన్ని, స్థిర ప్రవాహాన్ని, ఉపరితల నిరోధంలోని మార్పును కలిపి లెక్కించే బ్రూస్-విన్సెంట్ పద్ధతిని అనుసరించాలి. ఇది 1987 నుండి ప్రచారంలో ఉంది.

6.2. డెండ్రైట్‌ల నిరోధం:

ఘనస్థితి బ్యాటరీల ప్రధాన ఆకర్షణ లిథియం లోహాన్ని నేరుగా ఆనోడ్‌గా వాడగలగడం. గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీ ఆంపియర్-గంటలు నిల్వచేస్తే, లిథియం లోహం 3,860 నిల్వచేస్తుంది. కాని ఛార్జింగ్ సమయంలో లిథియం సమంగా పేరుకోక, చెట్టు కొమ్మల వంటి డెండ్రైట్‌లుగా పెరిగి పొరను చీల్చి హ్రస్వవలయం కలిగించవచ్చు. రుణ అయాన్‌లు ఎక్కువగా కదిలే పొరలో లిథియం ఉపరితలం వద్ద లవణం క్షీణించి ఈ పెరుగుదల వేగవంతమవుతుంది. కనుక తక్కువ రవాణా సంఖ్య కేవలం పనితీరు లోపం కాదు, భద్రతా లోపం కూడా. మన్రో, న్యూమన్ 2005లో చేసిన సైద్ధాంతిక విశ్లేషణ ప్రకారం, విద్యుద్విశ్లేష్యపు విరూపణ గుణకం లిథియం లోహానికి దాదాపు రెట్టింపు ఉంటే డెండ్రైట్ పెరుగుదల యాంత్రికంగా అణగిపోతుంది. మెత్తబడిన పాలీ ఇథిలీన్ ఆక్సైడ్ బలం ఆ స్థాయికి వేల రెట్లు తక్కువ. పూరకాలు, ఆధార చట్రాలు, ఖండ సహపాలిమర్‌ల అవసరం ఇక్కడే తెలుస్తుంది.

6.3. వోల్టేజి పరిధి:

పాలీ ఇథిలీన్ ఆక్సైడ్ సుమారు 3.8-4 వోల్ట్‌లు దాటితే ఆక్సీకరణం చెందడం మొదలవుతుంది. అందువల్ల అది ఐరన్ ఫాస్ఫేట్ కాథోడ్‌కు సరిపోతుంది కాని 4.2 వోల్ట్‌ల వరకు ఛార్జ్ చేసే నికెల్ కాథోడ్‌లకు సరిపోదు. స్టీలు ఎలక్ట్రోడ్‌తో తీసిన వోల్టమెట్రీ రేఖలో 5 వోల్ట్‌ల స్థిరత్వం కనిపించినా, వాస్తవ కాథోడ్‌లోని కార్బన్, లోహ ఆక్సైడ్‌ల సమక్షంలో అది నిలవదు. అసలు కాథోడ్‌తో పరీక్షించిన తరువాతనే ఈ విలువను ప్రకటించడం సమంజసం.

7. ఘనమైనదంతా భద్రమేనా?:

పాలిమర్ విద్యుద్విశ్లేష్యం వాణిజ్య స్థాయిలో పరీక్షకు నిలిచిన ప్రముఖ ఉదాహరణ ఫ్రాన్స్‌లో ఉంది. బొలొరే సంస్థ పాలీ ఇథిలీన్ ఆక్సైడ్, లిథియం లోహంతో కూడిన బ్యాటరీలను పారిస్ నగరంలో 2011 నుండి 2018 వరకు నడిచిన ఆటోలిబ్ అద్దె కార్లలోనూ, తరువాత విద్యుత్ బస్సులలోనూ వాడింది. ఈ బ్యాటరీ 60-80 డిగ్రీల మధ్య పనిచేస్తుంది. వాహనం నిలిపి ఉంచినప్పుడు కూడా ఆ వేడిని నిలపడానికి విద్యుత్తు ఖర్చవుతుంది. నిజామాబాదు, విజయవాడ దుర్ఘటనలు జరిగిన 2022 ఏప్రిల్ నెలలోనే పారిస్‌లో ఈ బ్యాటరీలు గల రెండు బస్సులు కాలిపోయాయి. ప్రాణనష్టం జరగలేదు కాని నగర రవాణా సంస్థ అదే రకానికి చెందిన 149 బస్సులను తాత్కాలికంగా నిలిపివేసింది.

పాలిమర్ వల్ల ప్రయోజనం లేదని ఈ ఘటన నిరూపించదు. "ఘనం" అనే మాట "మండనిది" అనే మాటకు పర్యాయపదం కాదని మాత్రం నిరూపిస్తుంది. పాలీ ఇథిలీన్ ఆక్సైడ్ కూడా కర్బన పదార్థమే. తగినంత వేడి, ఆక్సిజన్ ఉంటే అది కూడా మండుతుంది. లిథియం లోహం 180 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగిన లోహం అత్యంత చర్యాశీలమైనది. ద్రవంతో పోలిస్తే పాలిమర్ ఆవిరి కాదు, కారిపోదు, అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి. ఇవి నిజమైన మేలులే. అవి ప్రమాద సంభావ్యతను తగ్గిస్తాయి, పూర్తిగా తొలగించవు. కనుక భద్రత అనేది పొరకు గల ఒక్క ధర్మం కాదు. ఆనోడ్, పొర, కాథోడ్ కలిసిన మొత్తం సెల్‌కు గల ధర్మం.

8. ప్రాంతీయ పరిశోధనకు వర్తించే అంశాలు:

8.1. నేపథ్యం:

ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల భౌతికశాస్త్ర విభాగాల నుండి 1990ల కాలం నుండే పాలీ ఇథిలీన్ ఆక్సైడ్, పాలీ వినైల్ పైరోలిడోన్, పాలీ వినైల్ ఆల్కహాల్ వంటి పాలిమర్‌లలో సోడియం, పొటాషియం లవణాలు కలిపిన పొరలపై పత్రాలు వెలువడుతున్నాయి. ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుండి 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల డిగ్రీ కళాశాలలు కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలోనివి. ఆ విశ్వవిద్యాలయమూ, జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కూడా వరంగల్‌లోనే ఉన్నాయి. పొరల తయారీ కళాశాలలోనూ, ఉన్నత స్థాయి కొలతలు వరంగల్, హైదరాబాదు కేంద్రాలలోనూ జరిపే విధానం ఈ ప్రాంతానికి అనువైనది.

8.2. వాతావరణం:

బొగ్గు గనులు, తాప విద్యుత్ కేంద్రం గల భూపాలపల్లి ప్రాంతంలో వేసవి పగటి ఉష్ణోగ్రతలు 45 డిగ్రీల పరిసరాలకు చేరడం అసాధారణం కాదు. ఎండలో నిలిపిన వాహనపు బ్యాటరీ పెట్టె అంతకంటే వేడెక్కుతుంది. అంతర్జాతీయ పత్రాలలో ప్రామాణికంగా తీసుకునే 25 డిగ్రీల విలువ ఈ ప్రాంతపు వినియోగానికి సరిపోదు. మరోవైపు 45 డిగ్రీలు పాలీ ఇథిలీన్ ఆక్సైడ్ స్ఫటికాలు కరగడానికి చాలవు. కాబట్టి ఈ ప్రాంతానికి కావలసింది 20 నుండి 60 డిగ్రీల వరకు వేడి చేయకుండానే పనిచేసే పొర. వాహకతను, బలాన్ని ఈ మొత్తం పరిధిలో కొలవడం ఇక్కడి పరిశోధకులు తేలికగా చేయగల, ప్రయోజనకరమైన పని.

8.3. తేమ అనే కనిపించని ప్లాస్టిసైజర్:

పాలీ వినైల్ ఆల్కహాల్, పాలీ వినైల్ పైరోలిడోన్ గాలిలోని తేమను పీల్చుకుంటాయి. లిథియం లవణాలు కూడా అంతే. వర్షాకాలంలో తెరచి ఉంచిన గదిలో కొలిచిన పొర అధిక వాహకత చూపితే, అందులో నీటి పాత్ర ఎంతో తెలియదు. నీరు కలిగించిన వాహకత బ్యాటరీలో పనికిరాదు, ఎందుకంటే నీరు లిథియం లోహంతో చర్య జరుపుతుంది. హెక్సాఫ్లోరోఫాస్ఫేట్‌తో కలిస్తే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. పూర్తిగా తొలగని అసిటోనైట్రైల్, డైమిథైల్ ఫార్మమైడ్ వంటి ద్రావణులు కూడా ఇదే విధంగా విలువను పెంచి చూపుతాయి. అందువల్ల పొరను శూన్యంలో ఆరబెట్టి, ఉష్ణభార విశ్లేషణలో 150 డిగ్రీల లోపు ఎంత బరువు తగ్గిందో వాహకతతో పాటే ప్రకటించాలి. ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్స్ లేని చోట ఈ ఒక్క కొలతే ఫలితానికి విశ్వసనీయతను ఇస్తుంది.

8.4. ప్రయోగ విధానంలో జాగ్రత్తలు:

మొదటిది, పొర మందాన్ని ఇంపిడెన్స్ కొలతకు ముందు మాత్రమే కాక తరువాత కూడా కొలవాలి. ఎలక్ట్రోడ్‌ల ఒత్తిడికి, వేడికి మెత్తని పొర పలుచబడుతుంది. రెండవది, వేడి చేస్తూ, తిరిగి చల్లారుస్తూ రెండు దిశలలోనూ వాహకతను నమోదు చేయాలి. పాలీ ఇథిలీన్ ఆక్సైడ్ నెమ్మదిగా స్ఫటికీకరిస్తుంది కనుక అప్పుడే చల్లార్చిన పొర చూపే మంచి విలువ కొన్ని రోజులలో పడిపోవచ్చు. రెండు, మూడు వారాలు నిల్వ ఉంచిన పొర విలువను కూడా పేర్కొనడం అవసరం. మూడవది, కెలోరిమెట్రీ ద్వారా స్ఫటికతను లెక్కించేటప్పుడు, ద్రవీభవన ఉష్ణాన్ని మొత్తం పొర బరువుతో కాక అందులోని పాలిమర్ బరువుతో భాగించాలి. అలా చేయకపోతే పూరకం కలిపిన ప్రతిసారీ స్ఫటికత తగ్గినట్లే కనిపిస్తుంది. నాల్గవది, చవకగా లభించే లిథియం పర్‌క్లోరేట్ బలమైన ఆక్సీకారిణి. దానిని కర్బన పాలిమర్‌తో కలిపి వేడి చేయడం ప్రమాదకరం. భద్రతను లక్ష్యంగా పెట్టుకున్న పరిశోధనలో విద్యార్థుల చేతికి ఆ లవణాన్ని ఇచ్చే ముందు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

9. ముగింపు:

పాలిమర్ విద్యుద్విశ్లేష్యాల చరిత్రను వాహకత పెరుగుదల చరిత్రగా మాత్రమే చదివితే అసలు లక్ష్యం మరుగున పడుతుంది. ద్రవం చేర్చి సాధించిన వాహకత మంటకు ఇంధనాన్ని తిరిగి తెస్తుంది. తేమ వల్ల వచ్చిన వాహకత సెల్‌లో నిలవదు. రుణ అయాన్‌లు మోసిన వాహకత డెండ్రైట్‌లను పెంచుతుంది. కనుక ఒక పొరను మెరుగైనదిగా ప్రకటించడానికి వాహకతతో పాటు మందం, మిగిలిన ద్రావణి శాతం, లిథియం రవాణా సంఖ్య, యాంత్రిక బలం, అసలు కాథోడ్‌తో వోల్టేజి స్థిరత్వం అనే ఐదు అంశాలు ఒకే పట్టికలో కనిపించాలి. వీటిలో మొదటి రెండూ ఏ డిగ్రీ కళాశాల పరిశోధకుడికైనా అందుబాటులో ఉన్నవే; మిగిలినవి విశ్వవిద్యాలయ కేంద్రాల సహకారంతో సాధ్యమయ్యేవే. అత్యధిక వాహకత గల పొర కన్నా, తన పరిమితులన్నింటినీ కొలిచి చెప్పిన సాధారణ పొర తరువాతి పరిశోధకుడికి ఎక్కువగా ఉపకరిస్తుంది. ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టే బ్యాటరీ పక్కన మనుషులు నిద్రిస్తారన్న వాస్తవం ఈ కొలతల అవసరాన్ని నిర్ణయిస్తుంది.